ఆసు మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. పోచంపల్లి చేనేత మాటల మీద పన్నెండు పేజీలు. మొదటి రెండు పేజీలూ తెలుగు భాష ప్రాచీనత, నేత కళ ఘనత. నీ అసలు విషయం, రంగు అద్దేముందు నూలు చుట్టే ఆసు, ఆ మాట కనబడేసరికి మూడో పేజీ వచ్చింది. నేనూ మొదట్లో ఇంతే. నా తొలి పత్రం తిరగేసి మా గైడ్ ‘ఇందులో నీ మాట ఏదయ్యా?’ అన్నారు. కోపం వచ్చింది. ఇంటికెళ్లి పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే, పది పేజీల్లో నాది అనదగ్గది ఒక్క పేరా తేలింది.

పరిశోధన వ్యాసమంటే ఒకే రకం రాత అనుకుంటున్నట్టున్నావు. దాంట్లో నాలుగు రకాల పనులుంటాయి. నీ ఆసునే చూడు. కట్లు కట్టి రంగు అద్దేముందు పేక నూలును, అంటే బట్టలో అడ్డంగా వచ్చే పోగుల్ని, ఒక మేకు నుంచి ఎదురుగా వంపు తిరిగిన మేకుల వరుసకు, మళ్లీ వెనక్కి చుట్టుకుంటూ పోతారనీ, ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదేననీ, భుజాలు పట్టేస్తాయనీ రాశావు. ఇది వర్ణన. బాగా కుదిరింది. పోగేసిన మాటల్ని పడుగువి (నిలువు పోగులవి), పేకవి, అద్దకానివి అని విడదీసి, ఎక్కడ పాత మాట నిలిచింది, ఎక్కడ జారిపోయింది అని చూస్తే విశ్లేషణ. ‘మిషన్ వచ్చాక ఆసు మాటలు మరుగున పడుతున్నాయి’ అన్నావే, అది వాదన. దానికి సాక్ష్యం కావాలి. చింతకింది మల్లేశం వాళ్లమ్మ కష్టం చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. నిజమే, కానీ దానివల్ల మాటలు పోయాయని ఎలా తేలుతుంది? మిషన్ ఉన్న ఇంట్లో, లేని ఇంట్లో అవే ప్రశ్నలు అడిగి, జవాబులు పక్కపక్కన పెట్టు. తేడా లేకపోతే లేదని రాయి. టెన్షన్ పడకు, అదీ ఫలితమే.

ఇక విమర్శ. మనవాళ్లకు చేతకానిది ఇదే. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం రెండో సంపుటం చేనేత మీదే, 1971లో వచ్చింది. నువ్వు దాన్ని చివర ఉపయుక్త గ్రంథాల్లో చేర్చి చేతులు దులుపుకున్నావు. పెద్దవాళ్ల పుస్తకంతో మాట్లాడాలంటే మనకు జంకు. నీకు దొరికిన మాట అందులో ఉందా, ఏ అర్థం ఇచ్చారు, ఇప్పుడు నీకు వినబడిన అర్థం అదేనా అని చూడు, చాలు. ‘పలువురు పండితులు అభిప్రాయపడ్డారు’ అని మాత్రం రాయకు. ఆ పలువురెవరో నాకు ఇంత వయసొచ్చినా తెలియలేదు.

వరుస గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ప్రవేశికలో నీ ప్రశ్న, తర్వాత ఎవర్ని ఎలా అడిగావో, ఆపైన దొరికింది, దాన్నిబట్టి నువ్వు అనుకుంటున్నది. దొరికినదాన్నీ అనుకున్నదాన్నీ కలిపేయకు. నీ అభిప్రాయం నచ్చనివాడు కూడా నీ మాటల పట్టిక వాడుకోగలగాలి. ప్రవేశిక ఆఖర్న రాసుకో.

ఏడో పేజీలో ఒక పెద్దావిడ ఏదో పనిముట్టు పేరు గుర్తురాక చేత్తో చేసి చూపించిందని ఒక్క వాక్యంలో దాటేశావు. మొదటి రెండు పేజీలూ కొట్టేసి అక్కణ్నుంచి మొదలుపెట్టు. ఆదివారం మళ్లీ పోచంపల్లి వెళ్తానన్నావుగా, ఆవిడకు ఆ పేరు గుర్తొచ్చిందేమో అడిగి రా.

నీ అన్నయ్య