సెంట్లు, గజాలు, బార్న్‌లు

కడప

చిరంజీవి మనవరాలికి తాత ఆశీస్సులు.

బార్న్‌లతో నువ్వు కట్టిన లెక్క చూశాను. పద్ధతి బాగుంది, జవాబు మాత్రం సరిగ్గా పదివేల రెట్లు తప్పింది. సరిగ్గా పదివేలు అనగానే దొంగ దొరికిపోయాడు. బార్న్ అనేది అణు కేంద్రకాల లెక్కల్లో వాడే వైశాల్యపు కొలత, ఒక బార్న్ అంటే 10⁻²⁴ చదరపు సెంటీమీటర్లు. నువ్వు వాటిని చదరపు మీటర్లనుకున్నావు. మీటర్లలో అయితే 10⁻²⁸.

సిగ్గుపడకమ్మా. పెళ్లయిన కొత్తలో అయిదు సెంట్ల స్థలం బేరమాడాను. సెంటుకు 435.6 చదరపు అడుగులు, గజానికి మూడడుగులు కదా అని మూడుతో భాగించి, 726 గజాలు వస్తాయని మీ అవ్వతో గొప్పగా చెప్పాను. భాగించాల్సింది తొమ్మిదితో. తీరా వచ్చినవి 242 గజాలు. భౌతికశాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ని, చూడు మరి!

అందుకే ఏ కొలతనైనా ముందు చదరపు మీటర్లలోకి దించు. సెంటు 40.47 చదరపు మీటర్లు. దాన్ని 10⁻²⁸తో భాగిస్తే సుమారు 4.05 × 10²⁹ బార్న్‌లు. ఘాతం రుణంగా వచ్చిందంటే భాగించాల్సిన చోట గుణించావన్నమాట.

బార్న్ అంటే కొట్టమే. మన తుమ్మలపల్లె గనిలో తవ్వుతున్నారే, ఆ యురేనియం కేంద్రకం న్యూట్రాన్‌కు కొట్టమంత పెద్ద గురి అని 1942లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఇద్దరు శాస్త్రవేత్తలు సరదాగా పెట్టిన పేరది. అయితే బార్న్‌లలో కొలిచే క్రాస్ సెక్షన్‌ను, అంటే కణం కేంద్రకానికి తగిలే అవకాశాన్ని, కేంద్రకం సైజు అనుకోకు. జీనాన్-135 కేంద్రకం సైజుకు ఒక బార్న్‌కు అటూఇటూగా ఉంటుంది. నెమ్మదిగా వచ్చే న్యూట్రాన్‌ను మింగడంలో మాత్రం దాని క్రాస్ సెక్షన్ సుమారు 26 లక్షల బార్న్‌లు. కొలత వైశాల్యానిది, చెప్పేది తగిలే అవకాశం.

ఇక నిన్ను బాగా తికమకపెట్టేది విలోమ ఫెమ్టోబార్న్, అంటే కణాలను ఢీకొట్టించే ప్రయోగంలో పోగైన డేటాకు కొలత. ఫెమ్టోబార్న్, పికోబార్న్ రెండూ బార్న్‌లో అతి చిన్న ముక్కలు. పికోబార్న్‌లో వెయ్యి ఫెమ్టోబార్న్‌లుంటాయి. కానీ విలోమానికి వచ్చేసరికి ఫెమ్టోయే పెద్దది. ఇందులో మాయేమీ లేదు, వేరుశనగ దిగుబడిలా చూడు. సెంటుకు ఒక బస్తా అంటే ఎకరాకు వంద బస్తాలు కదా! అలాగే ఫెమ్టోబార్న్‌కు ఒకటి అంటే పికోబార్న్‌కు వెయ్యి. జెనీవా దగ్గర ప్రోటాన్‌లను ఢీకొట్టించే యంత్రం లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో 2015 నుంచి 2018 వరకు అట్లాస్ ప్రయోగానికి పనికొచ్చిన డేటా సుమారు 140 విలోమ ఫెమ్టోబార్న్‌లు. అక్కడ హిగ్స్ అనే కణం పుట్టే క్రాస్ సెక్షన్ దాదాపు 55 పికోబార్న్‌లు, అంటే 55,000 ఫెమ్టోబార్న్‌లు. దాన్ని 140తో గుణిస్తే 77 లక్షల హిగ్స్‌లు. నువ్వు 55ను అలాగే ఉంచి గుణిస్తే 7,700 దగ్గరే ఆగిపోతావు.

అన్నట్టు, మన రెండెకరాల నలభై సెంట్ల చేను ఎన్ని బార్న్‌లని మీ అవ్వ అడుగుతోంది. నువ్వే కట్టి ఫోనులో చెప్పు. నేను చెబితే నమ్మదు, ఆ 726 గజాలు ఇంకా మరిచిపోలేదు.

ఇట్లు
మీ తాత