సొరియాసిస్‌కి వెళ్తే గుండె పరీక్షలెందుకు రాశారు?

34 ఏళ్ల మీ తమ్ముడు సొరియాసిస్‌కి చూపించుకుందామని వెళ్తే స్కిన్ డాక్టర్ బీపీ చూసి, షుగర్, కొలెస్ట్రాల్ టెస్టులు రాసి, పైగా "దిగులుగా ఉంటోందా" అని అడిగారు, ఇదంతా డబ్బులు గుంజడానికేనా అని మీ అనుమానం. కాదండీ. నన్ను ఆ మాట అడిగే డాక్టర్ దొరకడానికి తొమ్మిదేళ్లు పట్టింది. అంతకుముందు చూసినవాళ్లంతా ఆయింట్‌మెంట్ రాసి పంపేసినవాళ్లే.

నాకు మోచేతుల మీద మొదలై తలలోకి పాకింది. ఒకసారి సెలూన్‌లో నల్లగుడ్డ కప్పి దువ్వెన పెట్టగానే తెల్లగా పొట్టు రాలింది. ఆ కుర్రాడు ఏమీ అనలేదు, దువ్వెన పక్కన పడేసి ఓనర్ వైపు చూశాడంతే. ఆ తర్వాత ఇంట్లోనే ట్రిమ్మర్, మే నెలలోనూ ఫుల్ హ్యాండ్స్ చొక్కా. పెళ్లిళ్లు మానేశాను, పార్కులో నడక మానేశాను. రాత్రి నిద్ర పట్టక మిక్చర్ పొట్లాలు. మూడేళ్లలో 11 కిలోలు పెరిగాను. దాన్ని డిప్రెషన్ అంటారని నాకు తట్టనే లేదు.

ఒక పక్క ఇలా చేజేతులా పాడుచేసుకుంటుంటే, ఇంకో పక్క జబ్బు తన పని తాను చేస్తుంది. రోగనిరోధక శక్తి అదుపు తప్పి చర్మంలో పుట్టించే వాపు రక్తనాళాల్నీ వదలదు. 2006లో బ్రిటన్ రోగుల రికార్డులు పరిశీలిస్తే, జబ్బు తీవ్రంగా ఉన్న 30 ఏళ్లవాళ్లకి గుండెపోటు ముప్పు మామూలువాళ్ల కంటే మూడు రెట్లు కనిపించింది. (కంగారు పడకండి, ఆ వయసులో అసలు ముప్పే బాగా తక్కువ.) డెన్మార్క్‌లో చూస్తే, సొరియాసిస్‌కి డిప్రెషన్ తోడైన రోజుల్లో గుండెపోటు, పక్షవాతం ముప్పు ఇంకా పెరిగింది. కాబట్టి టెస్టులు చేయించండి. బీపీకి గానీ మనసుకి గానీ మందులు రాస్తే, రాసే డాక్టర్‌కి సొరియాసిస్ సంగతి ముందే చెప్పమనండి. బీపీకి వాడే బీటా బ్లాకర్లు, మనసుకి వాడే లిథియం లాంటివి కొందరికి దీన్ని రేపుతాయి.

డిప్రెషన్ ఉందేమో చూడ్డానికి నాకు తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటిచ్చారు. చివరిది, చచ్చిపోతే బాగుండుననిపించిందా అని. పక్కన మా ఆవిడ ఉంది. "లేదు" దగ్గర టిక్కు పెట్టాను. తను మందుల షాపుకి వెళ్లాక కొట్టేసి మార్చాను.

అందుకే తమ్ముడికి తోడుగా వెళ్లండి, ఆ కాగితం ఇచ్చినప్పుడు మాత్రం బయట కూర్చోండి. ఈలోగా రాత్రిపూట మరీ బాగోలేదంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.