గడప దాటాక ఏమైంది?

అమ్మాయీ,

నీ కథ అందింది. చదివించే గుణం ఉంది నీ రాతలో. కింద పేరుండాల్సిన చోట మాత్రం 'ఓ సోదరి' అని పెట్టావు, ఇంట్లోవాళ్లకు తెలిస్తే గొడవ అన్నావు. అది చూడగానే నాకు టర్కిష్ రచయిత్రి ఫాత్మా అలియే గుర్తొచ్చింది.

1862లో ఇస్తాంబుల్‌లో పుట్టిందావిడ. తండ్రి అహ్మద్ జెవ్‌దెత్ పాషా ఒట్టోమాన్ పాలనలో పెద్ద చరిత్రకారుడు, న్యాయకోవిదుడు. ఇంటిపట్టునే చదువుకుని ఫ్రెంచి నేర్చింది. పదిహేడేళ్లకు పెళ్లి. నవలలు చదవడం భర్తకు గిట్టేది కాదు. ఏళ్లు గడిచాక ఆయన మెత్తబడితే ఒక ఫ్రెంచి నవలను 'మెరామ్' పేరుతో టర్కిష్‌లోకి తెచ్చింది. దానిమీద సంతకం 'ఒక మహిళ'. ఇంత బాగా రాసింది ఆడదేనా, వెనక ఎవరో మగవాడు ఉండే ఉంటాడని అనుమానపడ్డారు! 1891లో రచయిత అహ్మద్ మిద్‌హత్‌తో కలిసి రాసిన నవల మీద ఆయన పేరు నిండుగా ఉంది, ఈవిడ 'ఒక స్త్రీ'గానే మిగిలింది. మరుసటి ఏడు 'ముహాదరాత్' నవలకు సొంత పేరు పెట్టింది.

నువ్వూ కొంత వ్యవధి తీసుకో, తప్పులేదు. అలవాటు మాత్రం చేసుకోకు. తర్వాతి రోజుల్లో బహుభార్యత్వాన్ని సమర్థించిన మహమూద్ ఎసాద్‌తో ఆవిడ అచ్చులోనే వాదానికి దిగింది. మతాన్ని వదలకుండా, ఆ మతగ్రంథాల ఆధారంతోనే జవాబు చెప్పింది. పేరు దాచుకుని ఉంటే ఆ వాదంలో ఎవరు లెక్కచేసేవారు?

ఇక కథ సంగతి. నీ నాయిక భర్త మోసం తెలిసి సంచీ సర్దుకుని గడప దాటింది. అక్కడే ఆపేశావు. నాకది చాలలేదు. ఫాత్మా అలియే 1899లో 'ఊదీ' అనే నవల రాసింది. అందులో నాయిక బెదియా, భర్త మరొకామె మోజులో పడితే అతన్ని విడిచి వచ్చేస్తుంది. తండ్రి దగ్గర చిన్నప్పుడు సరదాగా నేర్చిన ఊద్ అనే తీగల వాద్యాన్ని ఇస్తాంబుల్‌లో ఆడపిల్లలకు నేర్పి బతుకుతుంది. కోపంతో ఎవరైనా బయటికొస్తారు, ఆ తర్వాత తిండి ఎలా అన్నది ఆవిడ వదిలిపెట్టలేదు. ఆ నవలలో నాకు బాగా నచ్చేది అదే. స్త్రీ హక్కుల గురించి ఎన్ని వ్యాసాలు చదివినా నాకు అంత సూటిగా తగల్లేదు.

కాబట్టి రెండో భాగం రాసి పంపు. నీ నాయిక చేతిలో ఏ పనుందో, మొదటి నెల అద్దె ఎక్కడినుంచి వచ్చిందో, తమ్ముడు ఫోనెత్తాడో లేదో నాకు తెలియాలి. పేరు విషయం మీ అమ్మతో ముందు నువ్వే చెప్పు. అచ్చయ్యాక పక్కింటివాళ్ల ద్వారా వింటే ఆవిడ నొచ్చుకుంటుంది.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ