ఇండియన్ స్టోర్లలో బియ్యం దొరకని రోజుల్లో మీరెలా సర్దుకున్నారు? ఇప్పుడే పది బస్తాలు కొని పెట్టుకోవాలా?

టెక్సాస్‌కి కొత్తగా వచ్చామని, ఇద్దరు చిన్నపిల్లలని, వచ్చే నెల అత్తమామలు వస్తున్నారని రాశారు. "బియ్యం ఆగిపోతున్నాయట" అని వాట్సాప్‌లో మళ్ళీ మెసేజ్‌లు తిరుగుతున్నాయి కాబట్టి 2023లో ఇక్కడున్నవాళ్ళు ఏం చేశారో చెప్పమన్నారు. మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. ఆ గోల మొత్తం దగ్గరుండి చూశాం. ముందు మీ రెండో ప్రశ్నకి జవాబు: పది బస్తాలు వద్దండి.

అప్పుడు జరిగింది ఇదీ. 2023 జులై 20, గురువారం, బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఇండియా ఆపేసింది. దేశంలో బియ్యం ధర ఏడాదిలో 11.5 శాతం పెరిగిందని, ఇంకా పెరగకుండా ఉండడానికే ఈ పని చేశామని ప్రభుత్వం చెప్పింది. బాస్మతిని ఆపలేదు. ఉప్పుడు బియ్యాన్ని ఆపలేదు. అప్పటికే ఓడలోకి ఎక్కించడం మొదలైన సరుకుని వెళ్ళనిచ్చారు. కానీ మా గ్రూపుల్లోకి వచ్చేసరికి ఇవన్నీ రాలిపోయి "అమెరికాకి బియ్యం బంద్" అన్న ఒక్క ముక్క మిగిలింది. దాని వెనకే ఖాళీ షెల్ఫుల వీడియోలు.

శనివారం పొద్దున్నే మా ఆయనా నేనూ వెళ్ళేసరికి ఎప్పుడూ పోయే పెద్ద ఇండియన్ స్టోర్ ముందు పార్కింగ్ దొరకలేదు. లోపల కార్టుకి ఆరేడు బస్తాలు వేసుకుని తోస్తున్నవాళ్ళు ఉన్నారు. ఒకాయన ఫోన్‌లో ఎవరితోనో "నీకెన్ని కావాలి, తొందరగా చెప్పు" అని అరుస్తున్నాడు. బియ్యం ఉండే వరసలో మిగిలినవి చినిగిన ఒక సంచీ, కింద చల్లిన గింజలూ. ఆ పక్కనే బాస్మతి నిండుగా ఉంది, దాని వైపు చూసేవాళ్ళు లేరు. మనవాళ్ళకి కావలసింది సోనా మసూరి కదా.

ఇంకో కొట్టులో బియ్యం ఉన్నాయి కానీ ఇంటికి ఒకటే బస్తా, అది కూడా వేరే సామాను ఇంత బిల్లు చేస్తేనే ఇస్తామన్నారు. రోజూ 15, 20 డాలర్ల మధ్య దొరికే 20 పౌండ్ల బస్తా ఆ వారం 30 దాటింది. కొన్ని ఊళ్ళలో 40 పైన కూడా అమ్మారు. సందట్లో సడేమియా అన్నట్టు ఆ రోజుల్లో బెల్లం, చింతపండు ధరలు కూడా ఎందుకు పెరిగాయో నాకిప్పటికీ అర్థం కాదు. ఎక్కువ ధర తీసుకుంటున్నారని ఫిర్యాదు చేస్తామని మా గ్రూపులో కొందరు బయల్దేరారు. టెక్సాస్‌లో అధిక ధరల మీద ఉన్న చట్టం విపత్తు ప్రకటించినప్పుడే పనిచేస్తుంది, తుపాను లాంటివి వచ్చినప్పుడన్నమాట. సోనా మసూరి కరువు ఆ లెక్కలోకి రాదు.

నిజానికి ఆ శనివారం ఈ దేశంలో బియ్యం కొరత లేదు. ఇండియా నుంచి ఓడలో సరుకు రావడానికి నెలా నెలన్నర పడుతుంది. అంటే గురువారం వచ్చిన ఉత్తర్వు ప్రభావం షెల్ఫ్ మీద కనపడాలంటే ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో కనపడాలి. దిగుమతిదారుల గోడౌన్లలో అప్పటికే సరుకుంది, సముద్రం మీద ఇంకా ఉంది. మూడు నెలల్లో కొనాల్సింది మనవాళ్ళంతా ఒక్క వారాంతంలో కొనేశారు కాబట్టి షెల్ఫులు ఖాళీ అయ్యాయి.

కరోనా అప్పుడు, 2020 మార్చిలో, టాయిలెట్ పేపర్‌కీ ఇదే జరిగింది. తేడా ఏమిటంటే దానికి దేశం మొత్తం ఎగబడింది, దీనికి మనం మాత్రమే ఎగబడ్డాం. మా ఆఫీసులో అమెరికన్లకి ఈ విషయమే తెలియదు. ఈ దేశంలోనే అర్కాన్సాలో, కాలిఫోర్నియాలో, మా టెక్సాస్ దక్షిణ తీరంలో వరి పండుతుంది. బయటి నుంచి వచ్చేదాంట్లో ఎక్కువ భాగం థాయ్‌లాండ్ జాస్మిన్, ఆ తర్వాత మన బాస్మతి. సోనా మసూరి వీళ్ళ లెక్కలో చాలా చిన్న వాటా.

మమ్మల్ని ఆ వారం గట్టెక్కించినవి రెండు. ఒకటి చిన్న కొట్టు. పెద్ద స్టోర్ల దగ్గర లైన్లలో నిలబడకుండా, మేం కూరగాయలకి వెళ్ళే ఒక చిన్న ఇండియన్ కొట్టుకి వెళ్ళాం. అక్కడి పెద్దాయన "ఇవాళ లేవమ్మా, మంగళవారం ట్రక్కు వస్తుంది, పదకొండు లోపల రా" అన్నాడు. వెళ్తే దొరికాయి. ధర ఎక్కువే, కానీ లైను లేదు, షరతులు లేవు. మీకు నేను గట్టిగా చెప్పేది ఇదే: ఏ కొట్టుకి ఏ రోజు ట్రక్కు వస్తుందో కనుక్కోండి. జనం శని, ఆదివారాల్లో వస్తారు, సరుకు మామూలు రోజుల్లో దిగుతుంది. ఇది బియ్యానికే కాదు, కరివేపాకుకీ, మామిడిపళ్ళ సీజన్‌లో పెట్టెలకీ పనికొస్తుంది. ఏ గొడవా లేనప్పుడే నాలుగు మాటలు కలిపి ఉంచండి. గొడవ మొదలయ్యాక ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు.

రెండోది, మనవి కాని కొట్లు. గార్లాండ్ వైపు వియత్నాం వాళ్ళ దుకాణాలున్నాయి, కారల్టన్‌లో కొరియన్ వాళ్ళవి, ఎక్కడ చూసినా మెక్సికన్ వాళ్ళవి. కాస్ట్‌కోలో జాస్మిన్ పెద్ద బస్తాలు. ఆ వారాంతంలో వీటిలో ఎక్కడా హడావిడి లేదు. మేం గార్లాండ్ వెళ్ళి జాస్మిన్ తెచ్చుకున్నాం, ఇంటి దగ్గర మెక్సికన్ కొట్టులో అమెరికన్ లాంగ్ గ్రెయిన్, అంటే ఇక్కడ పండే పొడుగు గింజ బియ్యం, తెచ్చుకున్నాం.

ఇక అసలు కష్టం వంట దగ్గర. సోనా మసూరి వండినట్టే వీటిని వండితే ముద్దయినా అవుతుంది, బిరుసెక్కైనా పోతుంది. అప్పుడు మా అత్తగారు ఇక్కడే ఉన్నారు. వాళ్ళది బాపట్ల దగ్గర పల్లె. మనం సోనా మసూరి పేరుతో కొనేదాంట్లో ఎంతో భాగం అక్కడి పరిశోధన కేంద్రంలో పుట్టిన బీపీటీ 5204 రకమే అని అంటారు. 1986లో వచ్చిన వంగడం, మన ఊళ్ళలో సాంబ మసూరి అన్నా అదే. బియ్యం చేతిలో పోసుకుని పాతవా కొత్తవా చెప్పగలిగే మనిషి ఆవిడ. జాస్మిన్ అన్నం మొదటిసారి నోట్లో పెట్టుకుని "వాసన బాగానే ఉంది, పప్పుకి సరే, గోంగూర పచ్చడికి మాత్రం అడ్డు" అని తేల్చేశారు. ఆ తీర్పుని నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను.

జాస్మిన్‌కి నీళ్ళు తక్కువ పోయండి. గ్లాసుకి గ్లాసుంపావు చాలు, లేకపోతే అతుక్కుంటుంది. కాలిఫోర్నియాలో పండే కాల్‌రోజ్ ఇంకా జిగురు. నాలుగైదు సార్లు కడగాలి. పెరుగన్నానికి, కట్టె పొంగలికి బ్రహ్మాండంగా ఉంటుంది, పులిహోర జోలికి మాత్రం వెళ్ళకండి. చిన్నపిల్లలకి మెత్తగా పిసికి పెట్టడానికి కూడా అదే నయం, మా పాప ఇష్టంగా తింది.

పులిహోరకి అమెరికన్ లాంగ్ గ్రెయిన్ వాడండి, గింజకి గింజ విడిగా వస్తుంది. రోజువారీ అన్నానికైతే దానికి గ్లాసుకి రెండు గ్లాసుల పైన నీళ్ళు పోసి, ఇరవై నిమిషాలు నానబెట్టి, వేడి వేడిగా తినేయాలి. చల్లారితే గట్టిపడుతుంది. ఇంకో సంగతి: ఆ సంచీ మీద "కడగవద్దు" అని రాసి ఉంటుంది చాలాసార్లు. దానికి ఐరన్, ఫోలిక్ యాసిడ్ లాంటివి పైన పట్టిస్తారు, కడిగితే పోతాయి. నేను మాత్రం కడుగుతాను. బియ్యం కడక్కుండా ఎసట్లో పొయ్యడానికి నా చేతులు రావు.

ఇడ్లీ, దోసెల గురించి బెంగ పడనక్కర్లేదు. ఇడ్లీ బియ్యం ఉప్పుడు బియ్యమే కాబట్టి 2023 జులైలో దాన్ని ఆపలేదు. ఆగస్టు చివర్లో 20 శాతం సుంకం వేశారంతే. మాకు ఒక వారం అవీ దొరకనప్పుడు, అమెరికన్ స్టోర్‌లో పార్‌బాయిల్డ్ అని రాసి ఉండే బియ్యం మినప్పప్పుతో నానబోశాను. ఇడ్లీ బాగానే వచ్చింది. దోసెకి ఏ లాంగ్ గ్రెయిన్ అయినా పర్వాలేదు. దీనికి తోడు రెండు పూటల్లో ఒక పూట చపాతీనో, గోధుమరవ్వ ఉప్మానో పెట్టుకుంటే బస్తా రెట్టింపు రోజులు వస్తుంది. ఇది చెప్తే మా ఆయన ఒప్పుకోరు, రాత్రి కూడా అన్నం లేకపోతే భోంచేసినట్టు ఉండదంటారు. మీ ఇంట్లో సంగతి మీరు చూసుకోండి.

ఇప్పుడు పది బస్తాల లెక్క చూద్దాం. 20 పౌండ్లంటే దాదాపు 9 కిలోలు. రోజుకి అరకిలో వండే ఇంట్లో ఒక బస్తా రెండున్నర వారాలు వస్తుంది. పదంటే ఆరు నెలలు. అత్తమామలు వచ్చాక కొంచెం పెరిగినా నాలుగు నెలలకి తగ్గదు. అపార్ట్‌మెంట్‌లో 200 పౌండ్ల బియ్యం ఎక్కడ పెడతారు? గరాజ్‌లో పెడితే టెక్సాస్ ఎండలకి పురుగు పడుతుంది. మా కాంప్లెక్స్‌లో ఆ జులైలో ఎగబడి కొన్న ఒకావిడ దసరాకల్లా గ్రూపులో "ఎవరికైనా కావాలంటే తీసుకెళ్ళండి, కాస్త పురుగు ఏరుకోవాలి" అని పెట్టింది. ఎవరూ వెళ్ళినట్టు లేదు.

నేనైతే ఎప్పుడూ వాడుతున్న బస్తా కాక ఇంకొకటి ఉంచుకుంటాను, అత్తగారు వాళ్ళు వచ్చినప్పుడు రెండు. కొత్త బస్తా తెచ్చాక గాలన్ సంచుల్లో పోసి, వంతులవారీగా నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, చెమ్మ ఆరాక మూత గట్టిగా ఉండే డబ్బాలో పోస్తాను. పురుగు గుడ్లు ఉన్నా చస్తాయి. ఎండుమిరపకాయలు వేసే అలవాటుంటే వేసుకోండి, నష్టం లేదు. కొందరు ఇంట్లో బోరిక్ పౌడర్ కలుపుతారు, చిన్నపిల్లలున్న ఇంట్లో అది మాత్రం వద్దు.

ధర గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. మా దగ్గర కొన్ని వారాల్లో షెల్ఫుల్లోకి బియ్యం తిరిగొచ్చాయి కానీ పాత ధర రాలేదు. ఇండియా ఆ నిషేధాన్ని ఎత్తేసింది 2024 సెప్టెంబరు 28న, అప్పుడు కూడా టన్నుకి 490 డాలర్ల కనీస ధర పెట్టి. ఆ షరతుని అక్టోబరులో తీసేశారు. అంటే పద్నాలుగు నెలలు. ఆరు నెలల సరుకు కొనిపెట్టుకున్నవాళ్ళు కూడా మిగతా ఎనిమిది నెలలు అందరితో పాటే ఎక్కువ పెట్టి కొన్నారు. పైగా వాళ్ళు మొదటి బస్తాలు కొన్నది ధర పెరిగిన ఆ వారంలోనే.

ఈసారి మీకొచ్చిన మెసేజ్ సంగతి: ఏ బియ్యం, ఏ తేదీ నుంచి, ఎవరి ఉత్తర్వు, ఈ మూడూ అందులో లేకపోతే పక్కన పెట్టండి. ఎగుమతి నిబంధనలు ఇండియాలో డీజీఎఫ్‌టీ అనే కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య విభాగం ఇస్తుంది, వాళ్ళ వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్ ఉంటుంది. ఎగుమతి ఆపడం వేరు, ఇక్కడ సుంకం పెంచడం వేరు. సుంకం పెరిగితే బియ్యం దొరుకుతాయి, ధర మారుతుంది, అంతే. ఎవరో షెల్ఫ్ ఖాళీ వీడియో పెట్టారంటే దాని అర్థం ఆ కొట్టుకి ఇంకా ట్రక్కు రాలేదని.

చివరగా, మీరు అడగలేదు కానీ ఎలాగూ ఈ ఆలోచన వస్తుంది కాబట్టి చెప్తున్నాను. అత్తమామల సూట్‌కేసుల్లో బియ్యం తెప్పించుకుందామని అనుకోకండి. ఖాప్రా అనే పురుగు భయంతో ఇండియా నుంచి ప్రయాణికులు సామాన్లలో బియ్యం తేవడాన్ని అమెరికా ఒప్పుకోదు. 2023లో మాకు తెలిసినవాళ్ళ అమ్మగారు పది కిలోలు కట్టుకొస్తే ఎయిర్‌పోర్ట్‌లోనే తీసి పడేశారు. ఆ పది కిలోల చోటులో కందిపొడి, కారప్పొడి, అప్పడాలు సర్దమనండి. ఏం తెచ్చినా తినే వస్తువులున్నాయని అడిగినప్పుడు చెప్పమనండి, దాచొద్దనండి.