ఎస్‌ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ) పెడితే రెండు స్పీకర్లే మోగుతున్నాయా? ముందు కేబుల్ చూడండి

తప్పు డిస్క్‌ది కాదు, ఆప్టికల్ కేబుల్‌ది. పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఆల్బమ్ 2003 ఎస్‌ఏసీడీలో 5.1 (ఆరు ఛానెళ్ల సరౌండ్ సౌండ్) రాక స్టీరియోనే వస్తోందన్నారు, ప్లేయర్ ఆంప్‌కి (యాంప్లిఫయర్‌కి) ఆప్టికల్‌తో కలిపానని కూడా మీరే రాశారు. అది హైబ్రిడ్ డిస్క్: ఒక పొరలో మామూలు సీడీ, ఇంకో పొరలో ఎస్‌ఏసీడీ, 5.1 మిక్స్ ఉండేది ఈ రెండో దాంట్లోనే. ఆప్టికల్‌లోంచి ఎస్‌ఏసీడీ సిగ్నల్ బయటికి పోదు, కాపీ భయంతో మొదట్నుంచీ అలాగే కట్టడి చేశారు.

1. హెచ్‌డీఎంఐతో కలపండి. 1.2 వెర్షన్ నుంచి డీఎస్‌డీ (ఎస్‌ఏసీడీలో శబ్దం ఉండే డిజిటల్ రూపం) వెళ్తుంది. ఆంప్‌కి హెచ్‌డీఎంఐ లేకపోతే, ప్లేయర్‌కి 5.1 అనలాగ్ అవుట్ ఉందేమో చూడండి, ఆరు వైర్లు కావాలి, కాస్త చికాకే.

2. అందరూ వదిలేసేది ఇదే: కేబుల్ మార్చినా ప్లేయర్ పాత సెట్టింగ్‌లోనే ఉండిపోతుంది. డిస్క్ ఆపేసి మెనూలోకి వెళ్లి, లేయర్ దగ్గర సీడీ అని ఉంటే ఎస్‌ఏసీడీ చేయండి, తర్వాత ఛానెల్స్ దగ్గర 2 తీసేసి మల్టీ పెట్టండి. ఈ రెండూ వేర్వేరు, ఒకటి మార్చి రెండోది మర్చిపోతే మళ్లీ స్టీరియోనే.

3. అప్పుడు అసలు శబ్దమే రాకపోతే ఆంప్‌కి డీఎస్‌డీ తెలియదన్నమాట. డీఎస్‌డీ అవుట్‌పుట్ ఆఫ్ చేస్తే ప్లేయరే పీసీఎంగా (మామూలు సీడీల్లో ఉండే తరహా డిజిటల్ రూపం) మార్చి పంపుతుంది. చెవికి తేడా తెలియడం కష్టం, టెన్షన్ వద్దు.

ఆంప్ డిస్‌ప్లేలో డీఎస్‌డీ అనో మల్టీ పీసీఎం అనో కనిపిస్తే పని అయినట్టే.