చెంప ఎముక విరిగితే వాపు తగ్గేదాకా చూసి వదిలేయవచ్చా?

మీ తమ్ముడు బండి మీద నుంచి పడ్డాడని, చెంప ఎముక విరిగి లోపలికి జరిగిందని, వారంలోపు ఆపరేషన్ చేయాలని డాక్టర్ చెప్పారని రాశారు. వాపు తగ్గుతోంది కదా, ఆగి చూద్దామని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారని కూడా రాశారు. దయచేసి వాపును చూసి నిర్ణయం తీసుకోకండి. మేము సరిగ్గా అక్కడే పొరబడబోయాం.

మూడేళ్ల క్రితం నేను పడినప్పుడు ముఖం కప్పని సగం హెల్మెట్ పెట్టుకుని ఉన్నాను. తలకు ఏమీ కాలేదు, ఎడమ చెంప రోడ్డుకు కొట్టుకుంది. రెండు రోజులు కన్ను తెరుచుకోలేదు. ఐదో రోజుకు వాపు దిగితే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఉదయం గడ్డం గీసుకుందామని అద్దం ముందు నిలబడితే, కంటి కింద చెంప గుంటపడి కనిపించింది. అన్నాళ్లూ ఆ గుంటను వాపే కప్పి ఉంచింది! నోట్లో రెండు వేళ్లు కూడా పట్టడం లేదు. నొక్కుకుపోయిన ఎముక కింది దవడ కదలికకు అడ్డుపడుతోందని డాక్టర్ సీటీ స్కాన్‌లో చూపించారు.

మా మేనత్త పుత్తూరు కట్టు కట్టిద్దామన్నారు. చేతికో కాలికో అయితే కట్టు కట్టి కదలకుండా ఉంచవచ్చు, చెంపకు ఆ వీలు లేదు. ఎముక జరగకుండా, చూపూ నోరూ బాగుంటే ఆపరేషన్ లేకుండానే అతుక్కుంటుంది. జరిగితే మాత్రం పైకి లేపి నిలబెట్టాలి. వాపు తగ్గడానికి డాక్టర్లు కొన్ని రోజులు ఆగుతారు కానీ, రెండు వారాలు దాటేకొద్దీ ఎముక వంకరగానే అతుక్కుంటూ పోతుంది. ఆ తరువాత సరిచేయాలంటే మళ్లీ కోసి కదిలించాల్సి రావచ్చు.

నాకు పూర్తి మత్తు ఇచ్చి చేశారు. పై పెదవి లోపల ఒక కోత, కనుబొమ చివర ఒక చిన్న కోత, రెండు టైటానియం ప్లేట్లు. ఇబ్బంది పెట్టకపోతే వాటిని తీయనక్కర్లేదు. ఆ రాత్రి నర్సు మాటిమాటికీ వచ్చి కంట్లో టార్చి వేసి, వేళ్లు చూపించి ఎన్నో చెప్పమనేది. కంటి వెనక రక్తం చేరితే చూపే పోవచ్చట. కంటి నొప్పి పెరిగినా, చూపు మసకబారినా తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే పిలవండి.

ముక్కు మాత్రం చీదనివ్వకండి, ఇప్పటి నుంచే. విరిగిన చోటు నుంచి గాలి చర్మం కిందికి చేరి కనురెప్పలు ఉబ్బిపోతాయి. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మమనండి. నాకు మూడు వారాలు ఇదే నియమం. ఆ వైపు తిరిగి పడుకోకూడదని కూడా చెప్పారు.

తిండి విషయంలో మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. పప్పు తింటే చీము పడుతుందని అమ్మ పట్టుబట్టింది. డాక్టర్‌ను అడిగితే పప్పు, గుడ్డు తప్పకుండా తినమన్నారు, మెత్తగా ఉంటే చాలన్నారు. రాగి జావ, పెసరపప్పు కలిపిన మెత్తని అన్నం, పెరుగన్నం తిన్నాను. తిన్న ప్రతిసారీ ఉప్పునీటితో పుక్కిలించేవాణ్ణి.

నన్ను అన్నిటికన్నా భయపెట్టింది తిమ్మిరి. ముక్కు పక్క నుంచి పై పెదవి, పై పళ్ల దాకా స్పర్శ లేదు. కాఫీ పెదవి మూల నుంచి కారుతున్నా చొక్కా తడిసేదాకా తెలిసేది కాదు. కంటి కింద నుంచి వచ్చే నరం ఆ దెబ్బకు నలుగుతుంది, కోలుకోవడానికి నెలలు పడుతుంది. నాకు రెండో నెలలో చీమలు పాకినట్టు మొదలైంది, ఆరో నెలకు చాలా వరకు తిరిగొచ్చింది. ముక్కు పక్కన రూపాయి బిళ్లంత చోటు ఇప్పటికీ మొద్దుగానే ఉంది.

మీ తమ్ముణ్ణి ఇవాళే ఒక మాట అడగండి: పైకి చూసినప్పుడు ఒక వస్తువు రెండుగా కనిపిస్తోందా? అవునంటే ఆపరేషన్ తేదీ దాకా ఆగకుండా డాక్టర్‌కు చెప్పి, కంటి డాక్టర్‌కు కూడా చూపించండి.