ఓటీఏ కోర్సుకు 42 వేల డాలర్ల అప్పు చేయొచ్చా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మావారిది హెచ్‌1బీ (ఉద్యోగ వీసా), ఏడాదికి 1,25,000 డాలర్ల జీతం. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది, నాకు హెచ్‌4 (డిపెండెంట్ వీసా) మీద ఈఏడీ (పని చేసుకునే అనుమతి) ఉంది. హైదరాబాద్‌లో బీకాం చేశాను. పాపకు నాలుగేళ్లు. ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్ (ఓటీఏ: జబ్బు, గాయాల తర్వాత రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా రోగులకు సాయపడే ఉద్యోగం) కోర్సు చదవాలనుంది. ప్రైవేటు కాలేజీలో 42,000 డాలర్లు. కమ్యూనిటీ కాలేజీలో 9,000 అవుతుంది కానీ సీటు ఏడాది ఆలస్యం. సేవింగ్స్ 38,000, నెల ఖర్చు 4,500. అప్పు చేసి ప్రైవేటులో చేరిపోనా?

జవాబు: వద్దు. హెచ్‌4 మీద ఫెడరల్ విద్యారుణం రాదు కాబట్టి మీకు మిగిలేది ప్రైవేటు రుణమే. 42,000 డాలర్లు 12 శాతం వడ్డీకి పదేళ్లకు తీసుకుంటే నెలకు 603 చొప్పున మొత్తం 72,000 పైనే కడతారు. ఏ కాలేజీలో చదివినా చివర్లో రాసేది ఒకే ఎన్‌బీసీఓటీ (జాతీయ సర్టిఫికేషన్) పరీక్ష, వచ్చేది ఒకే సీఓటీఏ (సర్టిఫైడ్ ఓటీఏ) హోదా. కాలేజీ కోర్సుకు ఏసీఓటీఈ (ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉండాలి, అది లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. కొత్తగా పెట్టిన కోర్సయితే ఇంకా 'క్యాండిడేట్' దశలోనే (పూర్తి గుర్తింపు రాకముందు) ఉందేమో ఏసీఓటీఈ వెబ్‌సైట్‌లో చూసుకోండి. అడ్మిషన్ల వాళ్ల నోటిమాట మీద డబ్బు కట్టకండి.

ఆ ఏడాది ఆలస్యం వృథా ఏమీ కాదు. అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలూ ల్యాబ్‌తో సహా ఎలాగూ ముందే పూర్తిచేయాలి. చాలా కాలేజీలు సీట్లు మార్కుల లెక్కన ఇస్తాయి, పాత సైన్స్ మార్కులకు గడువు కూడా పెడతాయి. కామర్స్ నుంచి వచ్చినవాళ్లు తడబడేది ఇక్కడే. సెమిస్టర్‌కు ఒక్క సైన్స్ సబ్జెక్టే తీసుకోండి. మీ బీకాం మార్కులను సబ్జెక్టులవారీగా ఎవాల్యుయేషన్ చేయిస్తే ఇంగ్లిష్, స్టాటిస్టిక్స్‌లో ఏదైనా మినహాయింపు రావచ్చు. ఏ ఏజెన్సీ రిపోర్టు ఒప్పుకుంటారో కాలేజీని అడిగాకే దానికి డబ్బు కట్టండి. టెక్సస్‌లో హెచ్‌4 వాళ్లు కూడా 12 నెలల నివాసం చూపి లోకల్ ఫీజు అడగవచ్చు. పక్క కౌంటీ కాలేజీలో మాత్రం రేటు మారుతుంది.

ఎక్కువమంది లెక్క తప్పేది లెవెల్ 2 ఫీల్డ్‌వర్క్ (కోర్సులో భాగంగా రోగుల దగ్గర చేసే శిక్షణ) దగ్గర. కనీసం 16 వారాలు ఫుల్‌టైమ్, మామూలుగా ఎనిమిదేసి వారాల చొప్పున రెండు చోట్ల. సాధారణంగా జీతం ఉండదు. చోటు కాలేజీ చూపిస్తుంది, అది ఇంటికి గంట దూరంలో ఉన్నా వెళ్లాల్సిందే. పనివేళలు మీ సూపర్‌వైజర్‌వి, పాప డేకేర్‌వి కావు. వారానికి 280 డాలర్ల డేకేర్ అనుకుంటే 16 వారాలకు 4,480. కారు గ్యాస్, స్క్రబ్స్, టీకాలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, సీపీఆర్ కార్డు, తర్వాత పరీక్ష, లైసెన్స్ ఫీజులకు ఇంకో 2,000 పక్కన పెట్టండి. ఫీల్డ్‌వర్క్ ఫెయిలైతే ఆ వారాలు మళ్లీ చేయాలి, దానికి ఫీజూ మళ్లీ కట్టాలి.

ఇప్పుడు మీ డబ్బు. నెల ఖర్చుకు ఆరు రెట్లు, అంటే 27,000 ముట్టుకోవద్దు. మీవారి ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులే, మీ హెచ్‌4, ఈఏడీ కూడా దానితోనే ముడిపడి ఉన్నాయి. మిగిలిన 11,000కు ఎదురుగా 9,000 ఫీజు, 4,480 డేకేర్, 2,000 చిల్లర ఖర్చులు కలిపి 15,480 ఉంది. తగ్గిన 4,480ని రెండేళ్లలో జీతం నుంచి నెలకు 187 చొప్పున పక్కన వేస్తే సరిపోతుంది. కట్టిన ఫీజులో 20 శాతం లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్‌గా ట్యాక్స్‌లో తగ్గుతుంది. జాయింట్ రిటర్న్‌లో ఆదాయం 1,60,000 దాటనంత వరకు పూర్తిగా వస్తుంది. కాలేజీ ఇచ్చే 1098-టీ (కట్టిన ఫీజు చూపే ట్యాక్స్ ఫారం) దాచుకోండి.

జీతం సంగతి. 2023 మేలో అమెరికా ప్రభుత్వ లెక్కల్లో ఓటీఏల మధ్యస్థ వార్షిక జీతం 67,010 డాలర్లు. కొత్తవాళ్లు దాన్ని చూసి ఇల్లు కొనే ప్లాన్ వేయకూడదు. ఓటీఏ చేసిన పనికి 2022 నుంచి మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) పార్ట్ బి మామూలు రేటులో 85 శాతమే చెల్లిస్తోంది. నర్సింగ్ ఫెసిలిటీలో పేషెంట్లు తగ్గితే మీ గంటలూ తగ్గుతాయి. మొదటి ఏడాది వారానికి 30 గంటలే దొరుకుతాయనుకుని బడ్జెట్ వేసుకోండి.

వీసా విషయంలోనూ ఒక చిక్కుంది. ఓటీఏకి అసోసియేట్ డిగ్రీ చాలు కాబట్టి ఆ ఉద్యోగంతో మీకు సొంత హెచ్‌1బీ దొరకదు. ఈఏడీ రెన్యువల్ ఆలస్యమైతే పని ఆపాల్సి వస్తుంది. పైగా ఇండియాలో దీనికి సరితూగే ఉద్యోగం దాదాపు లేదు, అక్కడ బీఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ) చేసినవాళ్లనే తీసుకుంటారు. ఐదేళ్లలో తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే నేను ఈ కోర్సు మీద ఖర్చు పెట్టించను. ఇక్కడే ఉండాలనుకుంటే, మొదటి అనాటమీ సబ్జెక్టు అయ్యాక ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) మాస్టర్స్ ఫీజు కూడా ఒకసారి కనుక్కోండి. మీ మూడేళ్ల బీకాంను నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా తీసుకుంటారా అన్నది ఏ కాలేజీకి ఆ కాలేజీ నిర్ణయిస్తుంది. దరఖాస్తు ఫీజు కట్టేముందే రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.